ఈల వేసిన ‘స’

మా తోటికోడలిని వీధిలో అందరూ ‘ఒకటో తరగతి’ అంటారు. పేరు లేక కాదు. బళ్లో పంతులమ్మగా చేరిన నాటి నుంచి ఇప్పటిదాకా ఆవిడ ఒకటో తరగతి దాటి పైకి వెళ్లలేదు. “ఊళ్లో పిల్లలందరూ పాసై వెళ్లిపోతున్నారు, మా ఆవిడ మాత్రం ఏటా తప్పుతూనే ఉంది” అని మా బావగారు వేసే జోకు నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ వింటున్నాను. మొదటిసారి నిజంగానే నవ్వాను. ఆ తర్వాత కొన్నాళ్లు మర్యాదకు నవ్వాను. ఇప్పుడు ఆయన నోరు తెరవగానే నీళ్ల గ్లాసు అందిస్తున్నాను.

నేను ఆవిడను అక్కయ్యా అంటాను. ఆవిడ భర్త మా ఆయనకు అన్న. ఇల్లు ఒకటే. కింద వాళ్లు, పైన మేము. బావగారు కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే షాపు నడుపుతారు. నేను పార్సిల్ ఆఫీసులో తూకం దగ్గర కూర్చుంటాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జనం మూటలు తెచ్చి నా ముందు పడేస్తారు, నేను బరువు చెబుతాను, వాళ్లు నమ్మరు. ఆ ఉద్యోగం చేస్తూ శాంతంగా ఉండగలిగే మనిషి ఎవరైనా ఉంటే వాళ్లకు దణ్ణం పెడతాను. నాకు ముక్కు మీద కోపమని ఇంట్లో పేరుంది. ఉంటే ఉండనివ్వండి, అక్కయ్య పళ్ల సంగతి చెప్పడానికి ఆ మాత్రం కోపం కావాలి.

ఆవిడకు పై వరసలో ముందు పళ్లు నాలుగు లేవు. ఒక్కసారే పోలేదు. తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని ఎప్పుడో అంది. పరీక్షలయ్యాక చూపించుకుంటానంది. పరీక్షలయ్యాయి, సెలవులు వచ్చాయి, సెలవుల్లో ఇంటికి సున్నం వేయించాలన్నారు, మళ్లీ బళ్లు తెరిచారు. ఇలా ఏళ్లు దొర్లిపోయాయి. మొదటి పన్ను టీలో నానబెట్టిన బ్రెడ్డు తింటుంటే ఊడి వచ్చింది. గట్టిది కొరికి పోయినా కాస్త గౌరవంగా ఉండేది. రెండోది దానంతటదే రాలింది. తక్కిన రెంటినీ మా వీధి పళ్ల డాక్టరు పీకేశాడు. ఆయన్ని మేం పీకుడు డాక్టరంటాం. ఆయన ఎదురుగా అనం లెండి.

ఆ పీకుడు డాక్టరే తీసి పెట్టుకునే పళ్లు చేసిచ్చాడు. గులాబీ రంగు పలక మీద నాలుగు తెల్లటి పళ్లు. లోపల ఎముక బాగా అరిగిపోయిందట, వాటికి పట్టు లేదు. మాట్లాడుతుంటే కిందికి జారతాయి, ఆవిడ నాలుకతో పైకి నెట్టుకుంటుంది. పెట్టుకుంటే ‘స’ పలికినప్పుడు సన్నగా ఈల వస్తుంది. తీసేస్తే ఈల పోతుంది గానీ దాంతో పాటు ‘త’ కూడా పోయి ఒట్టి గాలి మిగులుతుంది. మొదటి నెల మాకు అది వినబడేది. తర్వాత ఫ్యాను చప్పుడులా అలవాటైపోయి వినబడటం మానేసింది. ఆవిడకైతే మొదటి నుంచీ వినబడలేదు. ఎవరి గొంతు వాళ్లకు లోపలి నుంచి వినిపిస్తుంది. లోపల ఆవిడ ‘స’ ఎప్పట్లాగే నిక్షేపంగా ఉంది.

ఒకరోజు కళ్లజోడు ఇంట్లో మరిచిపోయింది. ఆఫీసుకు వెళుతూ ఇచ్చిపోదామని బడికి వెళ్లాను. తరగతి గుమ్మం దగ్గర అప్పటికే ఒకాయన కూతురి చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాడు. మెత్తటి మనిషి. చెప్పులు బయట విడిచి మరీ వచ్చాడు.

“టీచర్‌గారూ, ఏమీ అనుకోకండి. మా పాప ‘స’ అనమంటే ఈల వేస్తోంది. తప్పమ్మా, అలా కాదు అంటే, నీకు రాదు నాన్నా, మా టీచర్ ఇలాగే చెప్పింది అని నాకే పాఠం చెబుతోంది.”

అక్కయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. “చిన్నపిల్లలు కదండీ, ఆటకి చేస్తుంటారు” అని తరగతి వైపు తిరిగింది. “ఏదీ, అందరూ ఒక్కసారి అనండి చూద్దాం. ‘స’.”

తరగతి మొత్తం ఈల వేసింది.

అల్లరికి కాదు. వాళ్ల మొహాల్లో అల్లరి లేదు. పలక మీద అక్షరం దిద్దేటప్పుడు ఎంత శ్రద్ధ పెడతారో అంత శ్రద్ధగా పెదాలు సాగదీసి, నాలుక పైకి నెట్టి, ముందు సన్నగా ఈల, తర్వాత ‘స’. ఒకటో తరగతి అంటే పాలపళ్లు ఊడే వయసు. ముందు పళ్లున్న వాళ్లకు ఈల రావడం లేదు, వాళ్లు దిగులు పడిపోతున్నారు. పళ్లు లేని వాళ్లు దర్జాగా వేస్తున్నారు. వెనక బల్ల మీద ఒక పిల్ల పక్క పిల్లకు నేర్పుతోంది కూడా. “అలా కాదే, ముందు గాలి వదలాలి.”

నాకు నవ్వు తన్నుకొచ్చింది. అక్కయ్య మొహం చూసి మింగేశాను. ఆవిడ పిల్లల్ని ఆపి, తను ఒక్కతే మెల్లగా ‘స’ అంది. మళ్లీ అంది. మూడోసారి అంటుండగా, తన నోట్లోంచి వచ్చే ఈల ఆవిడకు మొదటిసారిగా వినబడింది. అది నా కళ్లారా చూశాను. చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టేసి, ఆ తండ్రితో “ఇంటి దగ్గర మీరే నేర్పండి, మీరన్నదే సరి” అంది. ఆయన పాపం తప్పు తనదే అయినట్టు రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుని, “ఏడాది పొడుగునా తప్పు నేర్పాను చెల్లీ” అని ఒక్కటే మాట. ఏడవలేదు. ఏడ్చే ఓపిక కూడా లేనట్టు కూర్చుంది.

హెడ్మాస్టరు మంచివాడే, చిక్కంతా అక్కడే. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా వీలుండేది. ఆవిడను గదిలోకి పిలిచి కుర్చీ వేయించి, “మేడమ్, వచ్చే ఏడు బళ్లు తెరిచేలోపు పళ్ల సంగతి ఏదో ఒకటి చూసుకోండి. కుదరకపోతే ఒకటో తరగతి ఇంకొకరికి ఇచ్చి మీకు లైబ్రరీ అప్పగిస్తాను. రిటైరయ్యేదాకా హాయిగా కూర్చోవచ్చు” అన్నాడు. ఆ లైబ్రరీ నేను చూశాను. మెట్ల కింద గది, రెండు బీరువాలు, ఒక కుర్చీ. తాళం పాడైపోయి ఒక బీరువా తలుపు తీగతో కట్టి ఉంటుంది. ఒకటో తరగతి పోయి ఆ కుర్చీ వస్తుందంటే ఆవిడకు ఏమైందో వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి అందరం కలిసి ఆవిడ నోటి మీద పడ్డాం.

మొదట మెయిన్ రోడ్డులో ఉన్న పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎముక పొడి వేసి, ఎముకలోకి స్క్రూలు దించి, వాటి మీద ఊడని పళ్లు బిగిస్తారట. మాటలు చక్కగా పలుకుతాయట, జామకాయ కూడా కొరకవచ్చట. చివర్లో చేతికిచ్చిన కాగితం బావగారు తిరగేసి మరగేసి చూశారు. “ఈ డబ్బుతో అసలు కొత్త మనిషినే తయారుచేయించవచ్చు” అని మెట్ల మీదే కూలబడ్డారు.

ఇంట్లో డబ్బు లేకపోలేదు. పైకప్పు బాగుచేయించడానికి అన్నదమ్ములిద్దరూ కలిసి దాచింది ఉంది. కారేది మా గదే. వాన పడితే మంచం గోడకు జరిపి, మధ్యలో బేసిన్ పెట్టుకుని పడుకుంటాం. ఆ డబ్బు మొత్తం పోసినా పెద్ద ఆసుపత్రికి సగం కూడా రాదు.

అప్పుడు నాకు నవ్వులాయన గుర్తొచ్చాడు. లారీ సామాన్ల దుకాణం ఆయనది, వారానికోసారి పార్సిళ్లు తెస్తాడు. ఒకప్పుడు పెదవి విప్పని మనిషి. పరాయి దేశం వెళ్లి నోటినిండా పళ్లు కట్టించుకొచ్చిన దగ్గర్నుంచి తూకం కాటాను చూసి కూడా నవ్వుతున్నాడు. అక్కడ ఇక్కడి ఖర్చులో మూడో వంతేనట. రానూపోనూ, ఉండటం, తినడం కలుపుకున్నా మా పైకప్పు డబ్బుతో గట్టెక్కవచ్చు. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అయినా తూకం మనిషిని కదా, గట్టిగా అడిగాను.

“నిజం చెప్పండి. ఏ ఇబ్బందీ లేదా?”

ఆయన అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. “ఎడమవైపుది ఒకటి కాస్త కదులుతోందమ్మా. ఫోన్ చేస్తే గ్యారంటీ ఉంది, రమ్మంటారు. రావడమంటే పక్క వీధా? ఇక్కడి డాక్టర్లేమో ఎవరు బిగించారో వాళ్లనే అడగమంటారు. ఆ స్క్రూ తిప్పే చెవి కూడా వేరేనట, ఇక్కడ దొరకలేదు.”

“వెళ్లినందుకు బాధపడుతున్నారా మరి?”

“అద్దం చూసుకునేటప్పుడు లేదమ్మా. భోజనానికి కూర్చున్నప్పుడు కొంచెం.”

మా వీధి చివర జుట్టు కత్తిరించే ఆవిడ కూడా అక్కడికే వెళ్లొచ్చింది. ఆవిడకు ఏ కష్టమూ రాలేదు. నేను అడిగితే జవాబు చెప్పకుండా పచ్చి జామకాయ ఒకటి తెచ్చి నా ఎదుటే కసుక్కున కొరికి చూపించింది. ఇద్దరు వెళ్తే ఒకరికి అలా, ఒకరికి ఇలా. ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడితే బరువెంతని చెప్పను?

పీకుడు డాక్టరును కూడా అడిగాం. ఆయన రోషపడతాడనుకున్నాను, పడలేదు. “వెళ్లొద్దని నేననను. నేను చేసిన పళ్లకి అంతకన్నా పట్టు రాదు, చెయ్యగలిగిందంతా చేశాను. కాకపోతే ఒకసారి వెళ్లి స్క్రూలు వేయించుకుని, ఎముక పట్టేదాకా కొన్ని నెలలాగి, మళ్లీ వెళ్లాలి. ఒక్కసారికే అన్నీ అయిపోతాయని తొందరపెడితే ఒప్పుకోకండి. ముందు ఇక్కడ షుగరు చూపించుకోండి. ఏ కంపెనీ స్క్రూ వేశారో, ఎంత లోతు దించారో కాగితాల మీద రాయించుకు రండి. మధ్యలో వాచినా చీము పట్టినా నా దగ్గరికే రావాలి కదా, చూస్తాను.” ఆ రోజు నుంచి ఆయన్ని పీకుడు డాక్టరు అనడానికి నాకు నోరు రావడం లేదు. అయినా అలవాటు కొద్దీ అంటూనే ఉన్నాను.

ఇక ఆ పరాయి దేశం క్లినిక్‌తో మొదలైంది మా బాగోతం. వాళ్లకు మన భాష రాదు. ఫోనే తెలుగులోకి మార్చి పంపిస్తుంది. మొదటి సందేశం బావగారు పైకి చదివారు. “గౌరవనీయ పండ్ల రోగికి వందనములు. మీ ముందు పండ్లు నాలుగు నష్టపోయినందుకు విచారిస్తున్నాము. మీకు వంతెన నిర్మించబడును. కిరీటములు అధిక నాణ్యత గలవి. వేరు కాలువ అవసరమైనచో తవ్వబడును.”

“నోట్లో ఇన్ని పనులు చేస్తే కాంట్రాక్టరు కావాలే” అన్నాడు మా ఆయన.

“కిరీటం పెట్టాక మహారాణిగారు మనతో మాట్లాడతారో లేదో” అని బావగారు.

అక్కయ్య కూడా నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకుని. కానీ కింద ఉన్న వరస చదివాక ఎవరికీ నవ్వు రాలేదు. గ్యారంటీ పదేళ్లు. గ్యారంటీ పొందుటకు రోగి స్వయముగా, స్వంత ఖర్చులతో రావలెను.

“ఊళ్లో రిపేరు దొరకని మోటారు నేను ఎవరినీ కొననివ్వను” అన్నారు బావగారు. “ఎంత చవకైనా సరే. కాలిపోయిన రోజు తెలుస్తుంది దాని ధర.”

ఓ ఆదివారం వాళ్ల డాక్టరుతో ఫోన్లో మొహం చూసుకుంటూ మాట్లాడే ఏర్పాటయింది. చిన్న వయసు, అలసిపోయిన కళ్లు, ఓపిక గల మనిషి. ఆయన తన భాషలో ఏదో అంటాడు, కాసేపటికి ఫోన్లోంచి ఒక ఆడగొంతు తెలుగులో చెబుతుంది. ప్రాణం లేని గొంతు. కానీ ఒక్కో అక్షరం కడిగిపెట్టినట్టు పలుకుతుంది. మేమంతా ధర గురించి, స్క్రూల గురించి, టిక్కెట్ల గురించి అడుగుతుంటే అక్కయ్య ఆ గొంతునే వింటోంది. “ఎంత శుభ్రంగా అంటోందో చూశావా ‘స’” అంది నా చెవిలో.

చివరికి ఆవిడ ఫోను తన వైపు తిప్పుకుంది. “డాక్టరుగారూ, నాకు ఒక్కటే తెలియాలి. మీరు పెట్టే పళ్లతో నాకు అక్షరాలు సరిగ్గా పలుకుతాయా? నేను పిల్లలకి చెప్పాలి.”

పలుకుతాయని, పళ్లు అమర్చేటప్పుడు మాట్లాడించి చూసే సరిచేస్తామని ఆయన అన్నాడు. ఏవేవి పలికించి చూస్తారని అడిగింది. ఆయన తన భాషలో నాలుగు ముక్కలు అని చూపించాడు. అక్కయ్య తల అడ్డంగా ఊపింది. “అవి కాదు నాయనా. మావి విను. త, థ, ద, ధ.” ఉన్న పళ్లను నాలుకతో పైకి నొక్కిపట్టి, చేతనైనంత శుభ్రంగా అంది.

ఆయన శ్రద్ధగా విని అప్పజెప్పాడు. “ట, ట, డ, డ.”

“ట కాదు, త. నాలుక పైకి పోకూడదు, ముందుకి రావాలి. పళ్లకి తగలాలి.”

“ట.”

“తాత అను. తాత.”

“టాటా” అన్నాడు డాక్టరు సంతోషంగా.

మా ఆయన వెనక్కి తిరిగి గోడ వైపు నవ్వుకున్నాడు. అక్కయ్యకు మాత్రం నవ్వాలని తోచలేదు. కుర్చీలో ముందుకు జరిగి, వేలు నోటి దగ్గర పెట్టి, ఆ పరాయి మనిషికి ‘త’ ఎక్కడ పుడుతుందో చెప్పడం మొదలుపెట్టింది. ఎన్నాళ్లుగానో చూడని ఉత్సాహం ఆవిడ మొహంలో చూశాను. కాకపోతే చూపించడానికి నాలుక తగిలే చోట సొంత పన్ను లేదు. ఆయన మళ్లీ మళ్లీ ప్రయత్నించాడు. ఎంత ప్రయత్నించినా ఆయన చెవికి త, థ ఒకటే, ద, ధ ఒకటే.

ఆఖరికి ఆ డాక్టరు నుదురు తుడుచుకుని ఏదో చెప్పాడు. ఫోన్లో గొంతు దాన్ని తెలుగు చేసింది. “నేను పండ్లు అమర్చగలను. మీ శబ్దము సరియైనదో కాదో నేను వినలేను. మీతో వినగల ఒక వ్యక్తిని తీసుకురండి.”

నిజాయితీ గల మాట. ఆ మాటతో ఇంకో మనిషి ఖర్చు మా నెత్తి మీద పడింది. రెండుసార్లకు రెండు టిక్కెట్లు కాస్తా నాలుగయ్యాయి. పైగా వినగల వ్యక్తి అంటే ఎవరు? మా చెవులు ఆ ఈలకు ఎప్పుడో లొంగిపోయాయి.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో తలుచుకుంటేనే నాకు నీరసం వస్తుంది. ఇంట్లో ఇంకో మాట లేదు. భోజనానికి కూర్చుంటే చాలు, బావగారు మొదలు. జీతం లేని సెలవు ఎన్నాళ్లు, అక్కడ జ్వరమొస్తే ఎవరు చూస్తారు, స్క్రూ ఎముక పట్టకపోతే డబ్బు తిరిగిస్తారా, రెండోసారి వెళ్లేసరికి ఆ క్లినిక్ ఉంటుందో ఎత్తేస్తారో. అన్నీ నిజమే, ఒక్కటీ కొట్టిపారేసేది కాదు. మా ఆయన వెళ్లమంటాడు, మర్నాడు వద్దంటాడు. నేను పొద్దున ఒకటి చెప్పి సాయంత్రానికి ఇంకోటి చెప్పేదాన్ని. మధ్యలో అక్కయ్య బ్రెడ్డు పాలల్లో నానబెట్టుకుని, మెత్తబడిందో లేదో చెంచాతో నొక్కి చూసుకుంటూ, అందరి మాటలూ వింటూ కూర్చునేది. ఎటు తేల్చాలో ఎవరికీ తెలియలేదు. ఈలోగా బళ్లు తెరిచే రోజు దగ్గరకొచ్చేస్తోంది.

ఒకరోజు సెలవుల్లోనే బడికి వెళ్లొచ్చి, చెప్పులు విడుస్తూనే అంది. “హెడ్మాస్టరుగారికి చెప్పేశాను. ఒకటో తరగతి ఎవరికైనా ఇచ్చేయమన్నాను.”

“అదేంటక్కయ్యా, మనం ఇంకా చూస్తూనే ఉన్నాం కదా” అన్నాను.

“ఎప్పటికి చూస్తాం చెల్లీ? వెళ్లాలి, రావాలి, ఎముక పట్టాలి, మళ్లీ వెళ్లాలి. ఈలోపు ఇంకో తరగతి వస్తుంది. తెలిసి తెలిసి వాళ్లకి తప్పు ఎలా చెప్పను?” అని లోపలికి వెళ్లి పడుకుంది. దీపాలు పెట్టినా లేవలేదు.

విచిత్రమేమిటంటే, ఆ మాటతో ఇంట్లో అందరికీ పీడ విరగడైంది. నాకు కూడా. ఇక వాదించక్కర్లేదు, విమానాలు వెతకక్కర్లేదు, రాత్రంతా పక్క మీద దొర్లుతూ కూడికలు చేసుకోనక్కర్లేదు. క్లినిక్ నుంచి పండ్ల రోగికి ఇంకో రెండు వందనాలు వచ్చాయి, ఎవరూ చదవలేదు. భోజనాల దగ్గర మళ్లీ మోటార్ల కబుర్లు, పార్సిళ్ల కబుర్లు. వారం తిరక్కుండానే బావగారు మేస్త్రీని పిలిపించారు.

మా పడకగదిలో మేస్త్రీ నిచ్చెనెక్కి పైకప్పు తట్టి చూస్తున్నాడు. మేం ముగ్గురం తలలు పైకెత్తి నిలబడ్డాం. అక్కయ్య టీ పళ్లెం పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఒక్క నిమిషం తనూ పైకి చూసింది.

“అయితే పళ్ల సంగతి ఇక లేనట్టేనా?” అంది.

“ఇంకెందుకే? లైబ్రరీలో కూర్చోబోతున్నావుగా” అన్నారు బావగారు, పైకప్పు నుంచి చూపు దించకుండానే.

ఆవిడ పళ్లెం మంచం మీద పెట్టింది. గొంతు పెంచలేదు. ఆ ఇంట్లో ఆవిడ గొంతు పెంచడం నేను ఎన్నడూ వినలేదు.

“బడికైతే పళ్లు కావాలి. నాకైతే అక్కర్లేదా?”

మేస్త్రీ నిచ్చెన మీద అలాగే ఆగిపోయాడు.

“సరిగ్గా నమిలి రెండేళ్లయిందండీ. అందరూ సగం భోజనం చేసేసరికి నేను ఇంకా మొదటి ముద్దతోనే ఉంటాను. సంతోషమొస్తే ముందు చెయ్యి వెతుక్కుంటాను. ఇన్నాళ్లూ నా నోటి గురించి మీరంతా అన్ని మాటలు మాట్లాడారు. నువ్వేం తింటున్నావే అని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడిగారా? ఈ నోరు బడిది కాదు. నాది.”

‘స’ వచ్చిన చోటల్లా ఈల వచ్చింది. ఎన్నో నెలల తర్వాత ఆ రోజు నా చెవికి ఒక్కో ఈలా విడివిడిగా వినబడింది. సిగ్గుతో చచ్చిపోయాను. బావగారు పైకప్పు వైపు చూడటం మానేసి నేల చూపులు చూస్తున్నారు.

మేస్త్రీ నిచ్చెన దిగాడు. “నేను మళ్లీ వస్తే ఎలా ఉంటుంది?”

“బాగుంటుంది” అన్నాను నేను. “వచ్చే ఏడు రండి.”

మా ఆయన నా వైపు చూశాడు. నేనూ చూశాను. “సరేలే, కాస్త పెద్ద బేసిన్ కొందాం” అన్నాడు. పెళ్లయ్యాక ఆ మనిషి మీద నాకు అంత ఇష్టం ఎప్పుడూ కలగలేదు.

భయాలు ఏవీ పోలేదు. స్క్రూ కదలవచ్చు, చీము పట్టవచ్చు, ఆ క్లినిక్ బోర్డు తిప్పేయవచ్చు. ఇన్ని తెలిసే బయలుదేరుతున్నాం. షుగరు చూపించాం, ఫర్వాలేదన్నారు. రెండుసార్లుగానే చేయించుకుంటామని క్లినిక్‌కు ముందే రాశాం. కాగితాల సంగతి పీకుడు డాక్టరు స్వయంగా వాళ్లతో మాట్లాడాడు. వినగల వ్యక్తిగా నేను వెళుతున్నాను, నా టిక్కెట్లకు ఆఫీసులో అప్పు తీసుకున్నాను. రోజూ నేను ఆఫీసు నుంచి రాగానే అక్కయ్య నన్ను కూర్చోబెట్టి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని త, థ, ద, ధ అని పలుకుతూ ఏది ఏదో చెప్పమంటోంది. తప్పు చెబితే మళ్లీ మొదటికి. ఇలాంటి పంతులమ్మ దగ్గర చదువుకున్న పిల్లల మీద నాకు జాలేసింది.

పాస్‌పోర్టు ఫొటో కోసం ముగ్గురం స్టూడియోకి వెళ్లాం. అక్కయ్య జుట్టు సర్దుకుని స్టూలు మీద కూర్చుంది. ఫొటోగ్రాఫరు కెమెరాలోంచి చూసి తల ఎత్తాడు.

“అమ్మా, నోరు మూసుకోండి.”

బావగారు ఒక అడుగు ముందుకు వేశారు. “ఎవరితో మాట్లాడుతున్నావయ్యా?”

“అయ్యో, రూలండీ! పాస్‌పోర్టుకి నోరు మూసుకునే ఉండాలి. పళ్లు కనబడకూడదు” అని బెదిరిపోయాడు పాపం.

“కనబడటానికి ఉంటే కదా నాయనా” అంది అక్కయ్య. అని, నవ్వడం మొదలుపెట్టింది. వంగి నవ్వింది, స్టూలు పట్టుకుని నవ్వింది, పెట్టుడు పళ్లు జారితే తీసి ఒళ్లో పెట్టుకుని మరీ నవ్వింది. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఫొటోగ్రాఫరు రెండుసార్లు కెమెరా ఎత్తి రెండుసార్లూ దించాడు. వెనక ఇంకో ఇద్దరు ఫొటోకి వచ్చి నిలబడ్డారు.

“అమ్మా, ఒక్క నిమిషం మూసుకుంటే...”

“ఆవిణ్ణి ఏమీ అనకు” అన్నారు బావగారు. “కావాలంటే వాళ్లవి ముందు తియ్యి. మేం కూర్చుంటాం.”